అశోక చెట్ల కుచ్చిళ్లు

"గా అశోక చెట్ల కింది కొమ్మలన్నీ కొట్టెయ్యి గంగయ్యా. నేల నుంచి నా తలంత ఎత్తు దాక ఒక్క ఆకు ఉండద్దు. ఇయ్యాల్నే."

వరండా ఊడుస్తున్న గంగయ్య చీపురు ఆపి సులోచన మొహం చూశాడు. చీపురు ముందు ఆమె భర్త, దొర జలపతిరావు కాల్చి పారేసిన సిగరెట్ పీకలున్నాయి, బంగారు పట్టీవి. పోయిన నెల సెలవు మీద వచ్చిన సాయి, గంగయ్య కొడుకు, దొర కోసమని మస్కట్ నుంచి రెండు డబ్బాలు తెచ్చిచ్చాడు. కోరుట్లలో ఇంకెక్కడా దొరకవవి.

"గిప్పుడా అమ్మా? రోహిణి ఎండలు. నీడల పెరిగిన మాను, ఒక్కసారి బయటపెడితె బెరడు కాలి పగుల్తది. మిరుగం కార్తె రానియ్యుండ్రి. రెండు వానలు పడ్డంక సాపు చేస్త."

"వానల దాక ఆగను."

"పైన కొసలు కత్తిరిస్తె మళ్ల చిగురేస్తది. కింద ముదురు మాను మీద కొమ్మ కోస్తె మళ్ల రాదమ్మా."

"రావద్దనే కొయ్యమంటున్న."

గంగయ్య చీపురు గోడకు ఆనించాడు. ముప్పై ఏళ్లలో సులోచన తోట గురించి ఒక్క ముక్క మాట్లాడి ఎరగదు. తోట దొరది. గేటు నుంచి మెట్ల దాకా దారికి రెండు వైపులా తాడు పట్టి కత్తిరించిన పొదలు, బంతుల్లాంటి గుండ్రటి చెట్లు, అన్నీ దొర కొలతలే. వెనక గోడ వెంట వరసగా ఎనిమిది అశోక చెట్లు, ఆకులు నేలకు ఆనుతూ గుడారాల్లా నిలబడి ఉంటాయి. వాటి దగ్గర మాత్రం దొర మాట ఒక్కటే. "అశోకకు అందమంతా కుచ్చిళ్లల్లనే ఉంటది గంగయ్యా. పైన ఎంతన్న కత్తిరించు, కింద ముట్టకు." పోయిన వానాకాలం ఆకులు ఊడ్చే వీలు కోసం నాలుగు వేళ్ల ఎత్తు కత్తిరించినందుకే దొర అందరి ముందూ తిట్టాడు.

"దొర నన్ను బతకనిస్తడా అమ్మా?"

"దొర సిరిసిల్లకు పెండ్లికి పోయిండు. మూడింటికల్లా వస్తడు. గంతల్నే అయిపోవాలె. నేను చెప్పిన్నని చెప్పు."

ఇక దాచి లాభం లేదనుకున్నాడు గంగయ్య. తల వంచుకుని, నేలతో చెప్పినట్టు చెప్పాడు.

"చెప్పరాని మాటమ్మా. గోడవతల మా ఇల్లే గదా. బాత్రూం పునాది కాడనే ఆగింది. కోడలు తానం చేసే కాడ మూడు దిక్కుల తడకలే ఉన్నయి. నాలుగో దిక్కు మీ చెట్లే మాకు గోడ. గోడ ఛాతి దాకనే ఉన్నా గీ ఆకుల చాటుకే ఇన్నేండ్లు ఇజ్జత్ తోటి బతికినం."

సులోచన మొహం పక్కకు తిప్పుకుంది.

"తెలుసు," అంది.

తెలిసి కూడా కొయ్యమంటోంది. గంగయ్య వెళ్లి రంపం తెచ్చుకున్నాడు.

కొమ్మ కింద ముందు ఒక గాటు పెట్టి, ఆ తర్వాత పైనుంచి కోశాడు. అట్లా అయితే కొమ్మ బరువుకు బెరడు చీలదు. ఈ పని నేర్పింది కూడా దొరే. మొదటి చెట్టు కుచ్చిళ్లు ఊడి పడ్డాయి. సన్నటి మాను ఎండలోకి బయటపడి, గుండు కొట్టించుకున్న మనిషిలా తెల్లమొహం వేసింది. రెండోది. మూడోది. ఒక్కో చెట్టు అయిపోతుంటే గోడ మీదుగా అతని ఇంటి పెరడు ఇంతింత బయటికి వచ్చింది. బొగ్గుల పొయ్యి, దండెం మీద కోడలు సింధూజ చీర, తడకలు.

చప్పుడుకు సింధూజ బకెట్ పట్టుకుని గోడ దాకా వచ్చింది.

"ఏంది మామా, కొట్టేస్తున్నవా?"

"అమ్మ చెప్పింది బిడ్డా. ఏం జేసేది? రెండు పాత చీరెలు అడ్డం కట్టుకో. సాయికి ఫోన్ల చెప్పకు, అక్కడ పరేషాన్ అయితడు."

సింధూజ అతని భుజం మీదుగా దొర ఇంటి కిటికీ వైపు చూసింది. కిటికీలో సులోచన నిలబడి ఉంది. ఇద్దరాడవాళ్లూ ఒకరినొకరు చూసుకున్నారు.

"మంచిగనే చెప్పింది," అంది సింధూజ. గిర్రున తిరిగి లోపలికి వెళ్లిపోయింది. పది రోజుల నుంచి పిల్ల తెల్లారకముందే తానం చేస్తోంది. ఎండలకేమో అనుకున్నాడు. ఈ మాటకు అర్థమేమిటో గంగయ్యకు బోధపడలేదు.

ఏడు చెట్లు అయ్యేసరికి రెండు దాటింది. మిగిలింది ఎనిమిదోది, సరిగ్గా తడకల ఎదురుగా ఉన్నది. దొర ఇంటి వైపు కొమ్మలు నాలుగు కోసి పక్కకు లాగాడు.

లోపల, మాను పక్కన, ఒకదాని మీద ఒకటి పెట్టిన ఇటుకలున్నాయి. వాటి మీద నిలబడితే మొహం వచ్చేంత ఎత్తున, తడకల వైపు, అరచేయంత మేర ఆకులు లేవు. తెగిన రెమ్మల కొసలు ఏటవాలుగా, నున్నగా ఉన్నాయి. కత్తెరతో కోసినవి.

గంగయ్య ఒళ్లు మండిపోయింది.

"అమ్మా, ఎవడో లంగ నా కొడుకు గీ చెట్టుల జొర్రి నిలవడుతున్నడు. దొర రానియ్యుండ్రి, గేటు కాడి సీసీ కెమెరా చూసి వాని బొక్కలిరగ్గొట్టిపిస్తం."

సులోచన కిటికీ దగ్గర నుంచి కదల్లేదు. పెద్దగా అరవనూ లేదు.

"ఊడ్చెయ్యి గంగయ్యా. దొర వచ్చేలోపల గదంత ఊడ్చెయ్యి."

చీపురు తీసుకుని అతను వంగాడు. ఇటుకల చుట్టూ, రోజుల తరబడి పోగుపడ్డట్టు, బంగారు పట్టీ పీకలున్నాయి.