పేజీ తిప్పేంతసేపు

వాద్యబృందంలో మనుషులు లేక పన్నెండేళ్లయింది. నలభై కుర్చీల్లో నలభై వయొలిన్లు తమంతట తామే మోగుతాయి. ముందు నిలబడి చేయి ఊపడానికి మాత్రం ఇంకా ఒక మనిషి కావాలి. గుంటూరు హాల్లో ఆ పని తండ్రి నుంచి దేవసహాయంగారికి, ఆయన పోయాక కూతురు హెప్సిబాకు వచ్చింది.

రిహార్సల్లో మూడుసార్లూ ఒకేచోట తేడా వచ్చింది. ఆమె చేయి దించినా వయొలిన్లు కదలక, ఒక్క క్షణం ఆగి అప్పుడు అందుకున్నాయి.

"నా చెయ్యంటే లెక్కలేదేంటండీ వీటికి?" అంది హెప్సిబా విసుగ్గా.

"మీ నాన్నగారి దగ్గర నేర్చుకున్నవి కదా మేడమ్. ఆ పాఠమంతా చెరిపేసి మీతో మళ్లీ మొదలెడదాం," అన్నాడు వాటి మరమ్మతులు చూసే వంశీధర్.

ఆమెకు కావలసిందీ అదే. ఎక్కడికెళ్లినా దేవసహాయంగారి అమ్మాయి అనిపించుకుని విసిగిపోయింది. "చెరిపెయ్యండి" అనబోతుంటే ముందు వరసలో కూర్చున్న తల్లి నవ్వింది.

"అక్కడ మీ నాన్న స్వరాల పుస్తకంలో పేజీ తిప్పేవారమ్మా. వేలు తడి చేసుకుంటేగానీ ఆయనకి కాగితం కదిలేది కాదు. పాపం, అందాకా ఇవి ఆగేవి."

హెప్సిబా ముందు అసలు కాగితమే లేదు. ఆమెకు అంతా కంఠతా వచ్చు.

వంశీధర్ చెరిపేసే మీట మీద వేలు పెట్టి ఆమె వంక చూశాడు.

"ఉండండి," అని ఆమె మళ్లీ మొదటినుంచి ఎత్తుకుంది. ఆ చోటు రాగానే ఎడమచేతి వేలు నాలిక మీద అద్దుకుని, లేని పేజీ తిప్పి, అప్పుడు కుడిచేయి దించింది.

నలభై వయొలిన్లూ ఆమె చేతితోపాటే కదిలాయి.