గడువు తీరిన నేల

“తాళంచెవి నా దగ్గరే ఉంది. అయితే ఏంటి?” తలుపు సగమే తెరిచి అడిగాడు గోస్సె.

గడప బయట వానకోటులో ఉన్న యాభై ఏళ్ళావిడ తన పేరు మార్లీన్ అని, కెనడా నుంచి వచ్చానని, నానమ్మ సమాధి వెతుక్కుంటున్నానని వచ్చీరాని డచ్ భాషలో చెప్పింది. సమాధుల తోట తాళం ఎదురింట్లో అడగమని చర్చి తలుపు మీద రాసి ఉందట.

“ప్రతి వేసవికీ ఒకరు దిగుతారు. తాతలేమో ఓడెక్కి పోయారు. మీరేమో ఫోటోలకి వస్తారు. పేరు?”

“సిప్కె హూక్‌స్ట్రా. మా నాన్న వీట్సె ఆమె కొడుకు. ఆమె పోయాకే ఓడెక్కాడు.”

“మరి ఇన్నేళ్ళూ ఆ జాగాకి అద్దె ఎవరు కట్టారు?”

“సమాధికి అద్దేంటి?”

“ఇక్కడ చచ్చినవాళ్ళకీ గడువుంటుంది. అది తీరాక ఎవరూ కట్టకపోతే సమాధి మీద చీటీ పెట్టి చూస్తారు. అప్పటికీ రాకపోతే తవ్వి, ఎముకలు మూల గుంటలో వేసి, జాగా ఇంకొకరికిస్తారు. ఆ మాత్రం తెలీదా మీకు?”

“తెలీదు.” ఆమె గోడకి ఆనుకుంది. “నాన్న ఆస్పత్రిలో ఉన్నాడు. రేపు ఆపరేషన్. లేస్తాడని డాక్టర్లు చెప్పట్లేదు. వాళ్ళమ్మని చూపిస్తానని మాటిచ్చాను. కాసేపట్లో ఫోన్ చేస్తాడు.”

ఆమె ఏడవలేదు. ఏడ్చి ఉంటే గోస్సె తలుపు వేసేసేవాడు. కోటు తగిలించుకుని తాళంచెవి తీశాడు.

“రా. నీ అదృష్టం బాగుంటే ఇంకా తవ్వి ఉండరు.”

తోటలో అటూ ఇటూ చూడకుండా నడిచి ఒకచోట ఆగాడు. పచ్చగడ్డి, అంచున చిన్న నీలం పూలు.

“ఇదే.”

“రాయి లేదేం?”

“ఎలాగూ పీకి పారేసేదానికి రాయెందుకు?”

“ఎంత శుభ్రంగా ఉంది! ఎవరు చూసుకుంటున్నారు?”

“పనిలేనివాళ్ళు.”

ఫోన్ మోగింది. తెర మీద ముక్కులో గొట్టంతో ముసలాయన. మార్లీన్ తడిగడ్డిలో మోకాళ్ళ మీద కూర్చుని ఫోన్ కిందికి దించింది. “నాన్నా, ఇదిగో నానమ్మ.”

“అమ్మా,” అన్నాడు వీట్సె. “నేనే. ఆలస్యం చేశానే. నీ చేత్తో అల్లిన మేజోళ్ళు ఓడలో పోగొట్టుకున్నా. సిగ్గేసి ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పుకోలేదు.”

గోస్సె అటు తిరిగి నిలబడ్డాడు.

“చుట్టూ ఓసారి తిప్పు తల్లీ. మా ఊరు చూడనీ.”

ఆమె తిప్పింది. గట్టు, గొర్రెలు, గోస్సె వీపు, చర్చి గోపురం, దాని మీద గడియారం. ముసలాయన చూపు ఆ గడియారం దగ్గరే ఆగిపోయింది.

“నాన్నా? వినపడుతోందా?”

“వినపడుతోందే. బాగుంది. ఇంక నాకు బెంగలేదు. నువ్వు కాబట్టి పట్టుకున్నావు.”

అప్పుడు ఏడ్చింది మార్లీన్.

“ఆ పెద్దాయనకివ్వు. ఆయనకి ఓ మాట చెప్పాలి.”

గోస్సె ఫోన్ అందుకుని నాలుగడుగులు దూరం జరిగాడు. వీట్సె కూతురికి రాని ఫ్రీసియన్‌లోకి, ఆ పల్లె మాటలోకి దిగాడు.

“తమ్ముడూ, మా అమ్మని పెట్టింది గోపురం వెనక. అక్కణ్ణుంచి గడియారం కనపడదు. తవ్వేశారా?”

“తవ్వేశారు.”

“పిల్లకి చెప్పకు. చాలా దూరం నుంచి వచ్చింది.”

“చెప్పను.”

“మరి నేను అమ్మా అంటూ చెప్పుకున్నదంతా ఎవరు విన్నారయ్యా?”

గోస్సె ఆ నీలం పూల వైపు చూశాడు.

“మా ఆవిడ.”