పెద్ద బ్యాంకు పెట్టెలు

క్యూలో మొట్టమొదట కూర్చున్నది మేనేజరుగారి అత్తగారే. నిలబడింది అనడానికి లేదు, ఆవిడ ఇంటి నుంచి మడత కుర్చీ తెచ్చుకుంది.

"మీరు కూడానా అత్తయ్యా?" అన్నాడు మేనేజరు గొంతు తగ్గించి.

"చుట్టరికం ఇంట్లో నాయనా. ఇక్కడ నేను ఖాతాదారుని. నా డబ్బు నాకు వెండిలో ఇప్పించు. కాయితాలొద్దు."

ఆవిడ వెనక టైలరు, టైలరు వెనక మందుల షాపాయన, ఆ వెనక వీధి మలుపు దాకా ఊరు ఊరంతా ఉంది. బ్యాంకు మునుగుతోందని మొదట ఎవరన్నారో ఎవరికీ తెలియదు. అందరూ పక్కవాళ్లు చెబితే వచ్చినవాళ్లే. మొన్నటిదాకా నోటిస్తే మడిచి జేబులో పెట్టుకున్న మనుషులు ఇవాళ దాన్ని ఎండకు పట్టి చూస్తున్నారు.

"దీన్నేం చేసుకోనూ, పొట్లం కట్టుకోనా?" అన్నాడు టైలరు.

"పొట్లానికి కూడా చాలదు. నాకు తెలుసుగా," అన్నాడు మందుల షాపాయన.

నోటు మీద 'అడిగిన వెంటనే వెండి ఇవ్వబడును' అని అచ్చు వేసి ఉంది. ఇన్నేళ్లూ ఎవరూ అడక్కపోబట్టి బండి నడిచింది. ఇప్పుడు అందరికీ ఒకేసారి చదవడం వచ్చేసింది.

"ఉన్న వెండి మధ్యాహ్నం దాకా సరిపోతుందండి," అన్నాడు క్యాషియరు, "నేను మధ్య మధ్య తుమ్ముతూ దగ్గుతూ లెక్కపెడితే."

నవ్వే ఓపిక మేనేజరుకు లేదు. గడప గడపా ఎక్కి, డబ్బాల అడుగునా దిండు గలీబుల్లోనూ దాచుకున్న వెండిని ఈ బ్యాంకులో వేయించింది తనే. ఇది మూతపడితే ఊళ్లో తలెత్తుకు తిరగలేడు. ఇంట్లోనైతే అసలు తిరగలేడు.

సాయం పంపమని పెద్ద బ్యాంకుకు నిన్ననే టెలిగ్రాం కొట్టాడు. దేశం మొత్తానికీ నోట్లు అచ్చేసేది అదే. చిన్న బ్యాంకులు మునుగుతుంటే జుట్టు పట్టుకుని ఒడ్డుకు లాగడం కూడా దాని పనేనని పుస్తకాల్లో చదువుకున్నాడు.

జవాబు రాలేదు. లారీ వచ్చింది.

ముందు తుపాకులతో కాపలావాళ్లు దిగారు. తరవాత సీలు వేసిన ఇనప పెట్టెలు దిగాయి. ఒక్కో పెట్టెనూ నలుగురు పట్టుకుని, పళ్లు బిగించి, మెట్టు మెట్టుకీ ఆగి లోపలికి మోశారు. క్యూ మొత్తం ఊపిరి బిగబట్టి వాళ్లతో పాటు మోసింది. ఆఖర్న పెద్ద బ్యాంకు అధికారి దిగాడు. జనాన్ని చూసి ఆయన కంగారుపడలేదు. ఇలాంటివి చూసి చూసి అలవాటైన మొహం.

"నా టెలిగ్రాం అందిందన్నమాట," అన్నాడు మేనేజరు, పోయిన ప్రాణం లేచొచ్చి.

అధికారి ఔననీ కాదనీ కాకుండా తల ఊపాడు. "వెండి ఎంతుంది మీ దగ్గర?"

"అడుగంటిందండి. దేవుడిలా వచ్చారు."

లోపలి గదిలోకి వెళ్లి తలుపు వేశాక, సీలు తీయించమన్నాడు మేనేజరు. అవసరం లేదన్నాడు అధికారి. క్యూలో మొదటి మనిషి మా అత్తగారండీ అన్నాడు మేనేజరు. అధికారి కూడా పెళ్లయినవాడే. మారుమాట్లాడకుండా ఒక పెట్టె తెరిచాడు.

పెట్టెలో చీమ కూడా లేదు.

మేనేజరు పక్క పెట్టె మీద కూలబడ్డాడు. అదీ బోలుగా మోగింది.

"మంచినీళ్లు తాగండి," అన్నాడు అధికారి. "అసలు మా బ్యాంకు ఎలా పుట్టిందో తెలుసా? పూర్వం ఒక రాజుగారికి యుద్ధం వచ్చింది. ఖజానాలో డబ్బు లేదు. నలుగురు వర్తకులు పోగై అప్పిచ్చారు. అందుకు బదులుగా కాయితం మీద సంతకం పెట్టి, ఇదే డబ్బు అని చలామణీ చేసుకునే హక్కు పుచ్చుకున్నారు. వెండి యుద్ధంలో పోయింది. కాయితం మిగిలింది. దాని వెనకాల వెండి ఉందని అందరూ అనుకున్నారు. అనుకున్నంత కాలం ఉన్నట్టే."

"జనం ఏమీ అనలేదాండీ?"

"అనకేం. మిమ్మల్నెవరు ఎన్నుకున్నారంటారు. వడ్డీ పెంచితే వ్యాపారులు తిడతారు. తగ్గిస్తే దాచుకున్నవాళ్లు తిడతారు. మంత్రులు రెండింటికీ తిట్టి, చీకటి పడ్డాక వచ్చి అప్పడుగుతారు."

"మరి ఇది మోసం కాదా?"

"తలుపు తెరిస్తే మోసం," అన్నాడు అధికారి పెట్టె మూస్తూ. "వేసి ఉన్నంతసేపూ విధానం."

ఇద్దరూ బయటికొచ్చారు. అధికారి చేసిందల్లా ఒక్కటే. నలుగురికీ వినబడేలా క్యాషియరుతో, "అడిగినవాళ్లకు అడిగినంత ఇచ్చెయ్యండి. లేదనకండి," అన్నాడు.

ఇస్తామనేసరికి అడిగేవాళ్లు తగ్గిపోయారు. మందుల షాపాయనకు షాపు గుర్తొచ్చింది. టైలరు తన వంతుకు తీసుకున్న వెండి సంచీని అటూ ఇటూ మార్చి, "ఈ బరువు ఎక్కడ మోస్తాను," అని కౌంటరు మీదికి తోశాడు. అత్తగారు కుర్చీ మడిచి, అప్పుడే చేతికొచ్చిన వెండి మూటను అల్లుడి చేతిలో పెట్టింది.

"జమ చేసుకో నాయనా. ఇంటి అల్మారాలో ఇంకొంచెం ఉంది, అదీ తెస్తాను. నేనసలు వచ్చింది నీకు తోడుగా ఉందామని."

"నమ్మాను అత్తయ్యా," అన్నాడు అల్లుడు.

"వెండే తీసుకోండి," అధికారి క్యాషియరు చెవిలో చెప్పాడు. "నోట్లు తెచ్చినవాళ్లను రేపు రమ్మనండి."

పొద్దు వాలేసరికి ఇచ్చిన వెండి తిరిగొచ్చింది. దిండు గలీబుల్లో మిగిలినది కూడా దాని వెంట వచ్చింది. స్ట్రాంగ్ రూములో కాలు పెట్టడానికి చోటు లేదు.

మేనేజరుకు కళ్లు చెమర్చాయి. "ఖాళీ పెట్టెలతో నా బ్యాంకును నిలబెట్టారు. ఈ జన్మలో మరిచిపోను. వీటిని లారీ ఎక్కించమంటారా?"

"ఎక్కిద్దురుగాని, ముందు వీటినిండా మీ వెండి పోయించండి," అన్నాడు అధికారి చేతి గడియారం చూసుకుంటూ, "మా బ్యాంకు గుమ్మంలో నిన్నటి నుంచీ ఉన్న క్యూతో పోలిస్తే మీది అసలు క్యూయే కాదు."