చెవి అందని విద్యార్థిని

ఆ రోజుల్లో బిడ్డ కడుపులో పడ్డ అయిదో నెలకే ఒకటో తరగతి మొదలయ్యేది. బడివాళ్ళు వచ్చి తల్లి పొట్టకు నడికట్టులాంటి మాట్లాడే పటకా కట్టేవారు. అది లోపలికి ఎక్కాలు వినిపించేది. పేరమ్మ మనవరాలు లిఖిత కూడా అందరిలాగే కట్టించుకుంది.

పాప పుట్టిన ఇరవై ఒకటో రోజున ఉయ్యాల వేస్తుంటే పంతులమ్మ వచ్చింది.

"పాప ఒకటో తరగతి తప్పిందండీ. పాఠం జరుగుతుంటే కడుపులో నిద్రపోయిందట. ఇవాళ్టి నుంచి మళ్ళీ చదవాలి. లేకపోతే ఏ బళ్ళోనూ సీటు రాదు," అంటూ మాట్లాడే పెట్టె ఒకటి ఉయ్యాల గొలుసుకు తగిలించింది. పెట్టె రెండో ఎక్కం అందుకుంది. పాప గుక్కపట్టింది. లిఖిత కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

పేరమ్మకు ఒళ్ళు మండిపోయింది. "కడుపులో నిద్రపోక కబడ్డీ ఆడుద్దా? అసలు దీనికి బడీడు వచ్చిందో లేదో చూశావా పంతులమ్మా? నన్ను బళ్ళో వేసేటప్పుడు కుడిచెయ్యి నెత్తిమీదుగా పోనిచ్చి ఎడమచెవి పట్టుకోమన్నారు. అందలేదని రెండేళ్ళు ఇంటికి తోలేశారు. అయినా ముప్పయ్యేళ్ళు పోస్టాఫీసు నడిపాను!"

"ఇప్పుడవన్నీ ఎక్కడున్నాయి మామ్మగారూ!"

"ఇక్కడే ఉన్నాయి." పేరమ్మ పెట్టె పీకి పంతులమ్మ చేతిలో పెట్టి, పాప కుడిచెయ్యి మెల్లగా పైకెత్తింది. అది చెవిదాకా కాదు కదా, నడినెత్తిదాకా కూడా పోలేదు. దారిలో నోరు తగిలేసరికి పాప ఏడుపు మాని గుప్పెట చప్పరించసాగింది.

"చూశావుగా! చెవి అందిన రోజున నేనే చంకనేసుకొచ్చి నీ బళ్ళో దించుతా. అందాకా ఇదే దాని చదువు."

లిఖిత కళ్ళు తుడుచుకుని గుమ్మందాకా వెళ్ళి, పంతులమ్మ చెప్పుల్ని వీధివైపు తిప్పి పెట్టింది.