పడవలో రెండో గది

నాచారంలో, మేడమీది వాటాలో, నట్టింట్లో నిలబడి లైఫ్ జాకెట్ తొడుక్కుని చూసుకుంటోంది జెన్నిఫర్.

బెల్లు మోగింది.

విప్పబోతే బెల్టు చిక్కుపడింది. అలాగే పోయి తలుపు తీసింది.

గుమ్మంలో గొడుగు పట్టుకున్న ముసలాయన. ఆమెను కిందికీ మీదికీ చూశాడు.

"ఏం బిడ్డా, ఈడనే మునుగుతున్నరా?"

లోపల్నించి ఆమె భర్త అనిల్ కుమార్ పకపకా నవ్వాడు. జెన్నిఫర్ నవ్వలేదు.

"ఎవరు మీరు?"

"అబ్బయ్య అంటరు. మీ పడవల రెండో రూము నాదే. ఎనిమిది దినాలు ఒక్క కప్పు కింద ఉండాలె గద, మొఖాలు సూసుకుందామని వచ్చిన."

ఆ పడవ కేరళలో ఉంది. కొల్లంలో ఎక్కితే ఎనిమిది రోజులు కాలవల మీదే కాపురం. వండుకోవడం, తినడం, పడుకోవడం అన్నీ నీళ్ళమీదే. ఉన్నవి రెండే గదులు. రెండోది వేరేవాళ్ళదని ఉప్పల్‌లో ట్రావెల్స్ నడిపే తేజేష్ ముందే చెప్పాడు. వానాకాలం ఆఫరన్నాడు కాబట్టి సరిపోయింది గానీ, లేకపోతే ఆ పడవ ఫొటో చూడ్డానికి కూడా వీళ్ళ జీతాలు చాలవు.

అయినా జెన్నిఫర్‌కు ఆ పడవ కావాలి. పెళ్ళయిన నాటినుంచి ఇంట్లో అత్త, ఇద్దరు మరుదులు, పిల్లలు. మొగుడితో తనివితీరా పోట్లాడాలన్నా డాబా ఎక్కాల్సిందే. ఎనిమిది రోజులు తలుపేసుకుంటే మూడో గొంతు వినబడని చోటు ఉంటుందంటే, ఆమె అక్కడికి ఈదుకుంటూనైనా పోయేది.

మూడో గొంతు వచ్చి కుర్చీలో కూర్చుంది.

"యోనా చేప కడుపుల ఎన్ని దినాలున్నడు?" అనడిగాడు అబ్బయ్య.

"మూడు," అన్నాడు అనిల్.

"నేను నాలుగు దినాలున్న. మా ఊరి వాగుల."

"మరి బైబిల్ల నీ పేరు లేదేంది తాతా?"

"నేను బయటికొచ్చేటాలకు రాసుడు అయిపోయింది."

నవ్వుకు అనిల్ చేతిలో చాయ్ ఒలికింది. జెన్నిఫర్ గడియారం చూసింది.

"అమ్మ వస్తలేదా?" అన్నాడు అనిల్, తడి తుడుచుకుంటూ.

"మా ఇంటామె దోర్కానా? ఆమెకు నాకన్న పెద్ద ప్రయాణం తగిలింది. నన్ను ఇడిసి ముందుగాల్నే పోయింది."

ఇదొక కోత, అనుకుంది జెన్నిఫర్.

మర్నాడూ వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు. ఆలుమగలిద్దర్నీ మంచం మీద కూర్చోబెట్టి, కోడు పట్టి ఊపాడు.

"ఇది సిన్న అల. గిది పెద్దది. వాంతి వస్తే ఇప్పుడే కానియ్యున్రి, ఆడ నా మీద పడొద్దు."

అత్తగారు కూడా నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ ఇంట్లో అత్తగారు నవ్వడం కంటే చేప కడుపులో నాలుగు రోజులుండటమే తేలిక. జెన్నిఫర్‌కు మాత్రం ఒళ్ళు మండింది.

తెల్లారి ఆటో ఎక్కి ఉప్పల్ వెళ్ళింది.

"ఆ ముసలాయనొస్తే మేం రాం," అంది తేజేష్‌తో. "ఎనిమిది దినాలు ఆ కోతలు వినుడు నాతోని కాదు. ఆయన్ని దించెయ్."

తేజేష్ ముఖం పాలిపోయింది.

"మేడం, ఆయన్ని నేనెలా..."

"ఎట్లనో నాకెందుకు? ఏదన్న అబద్ధం చెప్పు. ఆయనకు అలవాటే గద."

తేజేష్ ఆమె వెనక్కి, గుమ్మం వైపు చూస్తున్నాడు.

గుమ్మంలో అబ్బయ్య గొడుగు ముడుస్తున్నాడు. నిదానంగా, ఒక్కొక్క మడతా సరిచేస్తూ.

"మంచిగైంది, ఇద్దరూ ఈడనే ఉన్నరు," అన్నాడు. "తేజేషూ, నేను వస్తలేనయ్యా. నీళ్ళమీద తిరగొద్దన్నడు డాక్టరు. చెవుల ఏందో తేడా ఉందంట. కండ్లు తిరిగి పడ్తనంట."

"అయ్యో, అట్లనా అంకుల్," అంది జెన్నిఫర్, గుండెలమీద బరువు దిగినట్టు.

ఆయన చెప్పిన వాటన్నిట్లో ఆమె వెంటనే నమ్మింది అదొక్కటే.

"పొయ్యి రాండ్రి బిడ్డా. ఆ చేప కనబడితే నేను అడిగిన్నని చెప్పు."

ప్రయాణం రోజున చర్లపల్లి స్టేషన్‌కు తేజేష్ వచ్చాడు. కిటికీ ఊచల మధ్యనించి ఒక పొట్లం అందించాడు. ఇంకా వెచ్చగా ఉంది.

"సర్వపిండి. అబ్బయ్యగారు పంపారు."

"పాపం," అంది జెన్నిఫర్. పొట్లం పక్కన పెట్టింది. "ఆ రెండో రూము ఎవరికన్న ఇచ్చినవా తేజేష్? ఖాళీగుంటే మా సామాన్లు పెట్టుకుంటం."

తేజేష్ ఆమెను అదోలా చూశాడు.

"చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నారు మేడం. కానీ మీరు అందులో సామాన్లు పెడతానంటుంటే నోరు ఆగట్లేదు. దోర్కమ్మగారు బతికుండగా వాళ్ళిద్దరి కోసం మాట్లాడుకున్న పడవ అది. ఆమె పోయారు. రద్దు చేసేస్తానన్నాను. వద్దన్నారు. ఎవరన్నా ఆలుమగల్ని చూసి పక్క గదిలో పెట్టు, మనుషుల మాటలు వినబడుతుంటే నాకు చాలు అన్నారు."

బండి కదిలింది. తేజేష్ ఊచ పట్టుకుని పక్కనే నడుస్తున్నాడు.

"మరి మాకెందుకు చెప్పలేదు?" అన్నాడు అనిల్.

"చెబితే మొహమాటానికి నా కథలు వింటారు, అట్లా వద్దన్నారు."

జెన్నిఫర్ చెయ్యి పొట్లం మీద ఆగిపోయింది.

"వానాకాలం ఆఫరన్నావు గద?" అంది, ఊచల దగ్గరికి వంగి మెల్లగా.

"ఆఫరూ లేదు, ఏమీ లేదు మేడం," అన్నాడు తేజేష్, ఊచ వదిలేస్తూ. "మీరిచ్చింది పోను మిగతా కిరాయి ఆయనే కట్టారు. పడవంతా ఆయనదే, మీరు ఆయన పిలిచిన చుట్టాలు."