మొటిమల మందు

"పెళ్లి కాని పిల్లకి కడుపు పరీక్షేటండీ!" గున్నమ్మ కుర్చీలోంచి లేచిపోయింది.

శ్రీకాకుళంలోని ఆ చర్మం డాక్టరమ్మకు ఇలాంటి తల్లులు కొత్త కాదు. ఉష మొహం నిండా ఉన్న మొటిమలను మరోసారి చూసి నెమ్మదిగా చెప్పింది.

"క్రీములకు తగ్గలేదు కదమ్మా. ఈ మాత్రలు ఆరు నెలలు వాడితే చాలామందికి మొహం బాగుపడుతుంది. కానీ పెదాలు పగులుతాయి, ఎండ పడదు, మధ్యమధ్య రక్తం చూడాలి. కడుపులో బిడ్డ ఉంటే మాత్రం అవకరంతో పుట్టొచ్చు. అందుకే పరీక్ష లేకుండా రాయను."

"సేయించెయ్ వదినా, మనకేటి బయం?" అంది కూర్మమ్మ. ఉషను చేసుకోబోయే పెళ్లికొడుకు తల్లి ఆమె. పిల్ల నచ్చింది గానీ మొహమే బాగులేదని నిశ్చితార్థం నాడే అన్న మనిషి. పిలవకుండానే నౌపడలో వీళ్లతోపాటు రైలెక్కేసింది.

"వద్దులే అమ్మా," అంది ఉష తల దించుకుని. "మొటిమలే కదా. అవే పోతాయి. ఇంటికెల్లిపోదాం."

గున్నమ్మ అనుమానంగా కూతురి వైపు చూసింది. ఎందుకు వద్దంటోంది?

రెండు నెలలుగా ఆమె చూస్తూనే ఉంది. కుట్టుమిషను నేర్చుకుంటానని టెక్కలి వెళ్లడం, ఫోను దిండు కింద పెట్టుకోవడం, పిలిస్తే ఉలిక్కిపడడం. మొగుడు నూకయ్యకు చెబితే చేపల వేట మానేసి కత్తి పట్టుకుంటాడు. ఎవరికీ చెప్పుకోలేక ఆమెకే అన్నం సయించడం లేదు. ఇరవై ఏళ్లుగా మోస్తున్న చేపల గంప ఇప్పుడు ఎత్తుకుంటే వికారం. బిడ్డ మీద బెంగ మనిషిని ఇంతలా తినేస్తుందా?

వరండాలోకి లాక్కెళ్లి అడిగింది. "నిజం సెప్పు. ఏటైనా ఉందా?"

"ఏటుంటాది? అత్త ఎదురుగా సిగ్గు కాదేటి?"

"సిగ్గా, బయమా?"

ఉష కళ్లలో నీళ్లు తిరిగాయి. నర్సిచ్చిన సీసా తీసుకుని బాత్రూంలోకి వెళ్లి, మూత్రం పట్టి తిరిగొచ్చింది.

"ఇలా తే. నానిచ్చొస్తాను. నువ్వు అత్త దగ్గర కూకో."

గున్నమ్మ సీసాను పైట చాటున పెట్టుకుంది. శ్రీకూర్మం స్వామికి మనసులోనే దణ్ణం పెట్టుకుని ల్యాబు వైపు నడిచింది.

"సీసా ఇచ్చి రావడానికి ఇంతసేపేటి వదినా? శ్రీకూర్మం దాకా ఎల్లొచ్చావేటి?" అంది కూర్మమ్మ, ఆమె తిరిగి రాగానే.

గున్నమ్మ చెమట తుడుచుకుని నవ్వింది. పొద్దుటి నుంచి అదే మొదటి నవ్వు.

కాగితం వచ్చింది. డాక్టరమ్మ చదివి, "మీరు కాసేపు బయట కూర్చోండి," అంది కూర్మమ్మతో.

"నాను పరాయిదాన్నేటి?" కూర్మమ్మ కదల్లేదు.

"పరవాలేదు, సెప్పండమ్మా," అంది గున్నమ్మ ధీమాగా. "ఆవిడ కూడా ఇనాల. మా పిల్ల బంగారం."

డాక్టరమ్మ కాగితం బల్ల మీద పెట్టింది. "మాత్రలు రాయలేను. గర్భం ఉన్నట్టు వచ్చింది."

కూర్మమ్మ సంచీ తీసుకుని లేచింది. "సంబందం ఇక్కడితో సరి."

"అమ్మా, నానేటీ సెయ్యలేదే! నన్ను నమ్మవే!" ఉష తల్లి కాళ్లు పట్టుకుంది.

ఆ కాగితంలో ఉన్నది ఉష సంగతి కాదని గున్నమ్మకొక్కదానికే తెలుసు: పిల్ల పరువు పోతుందన్న భయంతో ఉష ఇచ్చింది పారబోసి, నెలసరి ఆగిపోయి మూడు నెలలైంది, ఇక ముట్లుడిగినట్టే, తనకేం ప్రమాదమని ఆ సీసా మళ్లీ నింపింది తనే.