తుమ్మకొమ్మ మీది పట్టు

ఓబుళేసు తేనె గిన్నె తెచ్చి ముందు పెట్టగానే భార్య కదిరమ్మ ముఖం పాలిపోయింది.

"బావి మీది తుమ్మకొమ్మకున్న పట్టేనా?"

"అదే. పొగబెట్టి దించినా. తినవే."

ఆమె వేలైనా ముంచలేదు. మూలనున్న గొడ్డలి అందుకుని చేను వైపు నడిచింది. ఓబుళేసు వెంటపడ్డాడు.

శనగ చేను నిలువునా ఎండిపోయి ఉంది. తుమ్మకొమ్మకు గిజిగాడి గూళ్లు వేలాడుతున్నాయి. తేనెటీగల భయంతో ఇన్నాళ్లూ ఆ దరికి రాని కాకులు అప్పుడే వాలి గూళ్లు పొడుస్తున్నాయి. కదిరమ్మ కాకులను తోలలేదు. కొమ్మ మొదట్లో గొడ్డలి వేసింది.

"పిచ్చి పట్టిందా నీకు? గూళ్లల్లో పిల్లలుండాయి! చీమలకు చక్కెర పోసేదానివి, యాడికి పోయిందే నీ భక్తి?"

ఆమె ఆగలేదు. కొమ్మ గూళ్లతో సహా బావిలోకి కూలింది. తల్లిపిట్టలు అరుస్తూ తిరిగాయి. కదిరమ్మ వాటికి దండం పెట్టింది.

"నిరుడు పంట పోయినప్పుడు నీ తమ్ముడు ఉరేసుకున్నెది ఈ కొమ్మకే. ఆమీట ఈగలు పట్టు పెట్టి మనిషినన్నోణ్ణి దగ్గరికి రానీలేదు. దేవుడే కాపలా పెట్టినాడనుకుంటి. ఈసారీ చేను ఎండె. తేనె ఎప్పుడూ నోట పెట్టనోనివి, పట్టు యాల తీస్తివయ్యా?"

ఓబుళేసు తల దించుకున్నాడు.

"చెట్లు ఇంగా ఉండాయి కదే," అన్నాడు.

"ఉండనీ. గొడ్డలీ ఉండాది."